నల్ల బిళ్ల

విమానం ముక్కులో నల్ల బిళ్ల అంటించినప్పుడు కత్తెరకి అందులో తప్పేమీ కనబడలేదు. కాగితంతో విమానాలు కట్టేవాళ్లందరూ చేసే పనే అది. ఈ రకం జెట్ విమానానికి ముక్కు చివర గుండ్రటి రంధ్రం ఉంటుంది. గాలి అందులోంచి లోపలికి పోతుంది. అసలు విమానంలో అయితే ఆ రంధ్రం నుంచి ఇంజను దాకా పొడుగాటి గొట్టం ఉంటుంది. బొమ్మలో అంత గొట్టం ఎవరు కడతారు? రంధ్రానికి రెండు వేళ్ల లోపల గుండ్రటి నల్లట్ట ఒకటి అంటించేస్తే చాలు, చూసేవాళ్లకి లోపలంతా చీకటిగా అనిపిస్తుంది. చీకటిని జిగురేసి అంటించి చేతులు దులుపుకోవడమే.

కత్తెర అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, అట్టపెట్టెల కంపెనీలో పెట్టినది. మందుల పెట్టె కానీ చెప్పుల పెట్టె కానీ, విప్పి పరిస్తే ఎలా ఉంటుందో గీసి, ఎక్కడ కోయాలో ఎక్కడ మడవాలో చెప్పడం అక్కడ ఆమె ఉద్యోగం. ఆ పేరు చేతిని చూసి పెట్టారో నోటిని చూసి పెట్టారో ఆమె ఎదుట తేల్చి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఇంటికొచ్చాక కూడా అదే పని, కాకపోతే పెట్టెల బదులు విమానాలు. అవీ మామూలు విమానాలు కావు. యుద్ధం ఆఖర్లో హడావిడిగా తయారై, నాలుగుసార్లు గాల్లోకి లేచి, ఎందుకూ కొరగాకుండా పోయిన ప్రయోగాల జెట్లు. నిజమైనవి ఒక్కటీ మిగల్లేదు, అన్నిటినీ కరగబెట్టేశారు. అందుకే మ్యూజియం వాళ్లు కొత్త హాలు కోసం ఆమెని వెతుక్కుంటూ వచ్చారు. మిగతావన్నీ ఇచ్చేసింది. ఇప్పుడు బల్ల మీదున్నది ఆఖరిది. ఫ్యాక్టరీలో దాన్ని తూనీగ అనేవాళ్లని మ్యూజియం ఇచ్చిన కాగితాల్లో ఉంది.

మూరన్నర పొడవు. లోపల దళసరి అట్టతో కోసిన చక్రాలు, వాటి మీద పల్చటి అట్ట తొడుగు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కి మడవాలి. చెంచా కాడ మీద అరచేత్తో దొర్లించి గుండ్రంగా తిప్పాలి. కోసిన అంచు తెల్లగా పళ్లికిలిస్తుంది కాబట్టి ప్రతి అంచుకీ రంగు పూయాలి. కత్తెర ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ అంచుల దగ్గరే ఉంది. అత్త బాల్కనీలో ఆరిన బట్టలు తీసుకుని అటుగా వచ్చింది.

అత్త అంటే నాన్నకి అక్క. ఎనభై దాటాయి. ఎడమ చెవి బొత్తిగా వినబడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆ చెవి మీద ఆ ఇంట్లో పేలని జోకు లేదు. కత్తెర కూడా తక్కువ తినలేదు. అత్త మటుకు ఈ విమానాలని "నీ కాకులు" అనేది, ఏ ఒక్కదాన్నీ నిలబడి చూసేది కాదు. ఆ రోజు నిలబడింది. బట్టలు కుర్చీలో పడేసి, వంగి, విమానం ముక్కులో వేలు పెట్టింది.

"అత్తా! జిగురు ఆరలేదు."

"ఇక్కడేంటి మూసేశావు?"

"అది ఉత్త బిళ్ల. లోపల గొట్టం కట్టలేదు. ఎవరికీ కనబడదుగా."

అత్త వేలు తియ్యలేదు. "ఎవరికీ కనబడదనే మమ్మల్ని అందులో పెట్టారు" అంది.

కత్తెర కుంచె చేతిలో పట్టుకుని అలాగే చూసింది. అత్తకి మాట తప్పు వినబడిందేమో, వేరే దేనికో జవాబు చెబుతోందేమో అనుకుంది ముందు. ఎప్పటిలా అరిచి చెప్పబోయింది. కానీ అత్త కుడి చెవి ఇటే ఉంది, మాట సరిగ్గానే విన్నది.

"ఎవర్ని పెట్టారు?"

"ఆడపిల్లల్ని. మా బడికొచ్చి ఏరుకున్నారు. ఇనప చక్రం ఒకటి తెచ్చారు, ఇంత వెడల్పు. అందులోంచి భుజాలు దూరినవాళ్లు లారీ ఎక్కాలి. నేను దూరా. ఏదో గొప్ప పని చేసినట్టు నవ్వా కూడా." అత్త కుర్చీలో బట్టల మీదే కూర్చుంది. "ఈ గొట్టం ఉంది చూడు, దీనికి బయట ఒకడు గాలి సుత్తితో రేకులు కలిపే రివిట్లు కొడతాడు. లోపలివైపు ఎవరో ఒకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. లేకపోతే రివిటు అణగదు. మగాళ్లు పట్టరు కదా అందులో. అందుకని మేము. పాక్కుంటూ పోయి, దిమ్మ పట్టుకుని పడుకోవాలి. వాడు కొడుతుంటే గొట్టమంతా మోగేది. ఈ చెవి అటువైపు ఉండేది."

"జ్వరం అన్నారుగా?"

"మీ తాత అన్నాడు. ఫ్యాక్టరీలో పని చేసిన పిల్లని ఎవరు చేసుకుంటారని. ఆయన అన్నదే అందరూ అన్నారు."

"నువ్వెందుకు చెప్పలేదు మరి?"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

కత్తెరకి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. తాత ఎప్పుడో పోయాడు, ఆయన్ని నిలదీయడానికి లేదు. తను వేసిన జోకులు తనకే గుర్తొచ్చాయి. దండిగా నవ్వించిన జోకులు. ఆ కోపాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక బల్ల మీది ముక్కలన్నీ ఒక పక్కకి తోసింది.

అత్త చెప్పుకుపోతోంది, కూరలు తరుగుతూ మాట్లాడినంత మామూలుగా. లోపల పచ్చరంగు పూత పూసేవాళ్లట. అది ఆరకముందే లోపలికి పొమ్మనేవాళ్లట. ఆ వాసనకి కళ్లు తిరిగేవట. పొట్టిది అని ఒక పిల్ల ఉండేది. అందరికంటే చిన్నది, అందరికంటే లోపలికి పోగలిగేది. ఒకరోజు బయట సుత్తి ఆగిపోయినా అది రాలేదు. పిలిచారు, రాలేదు. కాళ్లు పట్టి బయటికి లాగారు.

"తరవాత?"

"తరవాతేముంది? పని ఆగకూడదన్నాడు ఫోర్మన్. నన్ను పొమ్మన్నాడు. పోయా. అది పట్టుకున్న దిమ్మ అక్కడే ఉంది. ఇంకా వెచ్చగా ఉంది." అత్త లేచి బట్టలు తీసుకుంది. "జిగురు ఆరిందేమో చూసుకో."

మర్నాడు కంపెనీలో సగం రోజు సెలవు పెట్టి కత్తెర మ్యూజియంకి వెళ్లింది. క్యూరేటరు మంచివాడే, ఆ మాటకొస్తే. చెమట పట్టని మనిషి. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, ఆమె చెప్పిందంతా తలాడిస్తూ విన్నాడు. గది నిండా అద్దాల బీరువాలు, గోడకి తూనీగ పాత ఫొటో. ఫొటోలో విమానం ముందు టోపీలు పెట్టుకున్న ఇంజనీర్లు వరసగా నిలబడి నవ్వుతున్నారు.

"చాలా బాధ కలిగించే విషయమండీ" అన్నాడు. "కానీ రికార్డుల్లో ఎక్కడా పిల్లల ప్రస్తావన లేదే."

"మా అత్త ఉంది కదండీ. బతికే ఉంది. ఈ ఊళ్లోనే ఉంది."

"కాదనట్లేదు. పెద్దవాళ్లు... జ్ఞాపకాలు... మీకు తెలియంది కాదు. పైగా ఇది విమానాల హాలు. ప్రతిభ చూపించే చోటు. ఇక్కడికి పిల్లాపాపలతో వస్తారు."

"పిల్లాపాపలే లోపల పడుకుని కట్టారంటున్నా."

ఆయన ఆలోచిస్తానన్నాడు. ఆలోచించాడు కూడా, ఊరికే అనకూడదు. ఆమె బస్టాపు చేరేలోపే ఫోను చేశాడు. "మంచి వార్తండీ! పైవాళ్లతో మాట్లాడాను. విమానం పక్కన పెట్టే బోర్డులో ఒక వాక్యం కలుపుతున్నాం. 'ఈ విమాన నిర్మాణంలో పాఠశాల బాలికలు సైతం ఉత్సాహంగా పాలుపంచుకున్నారు.' ఎలా ఉంది? ప్రారంభోత్సవానికి అత్తగారిని తప్పకుండా తీసుకురండి. ముందు వరసలో కూర్చోబెడతాం, శాలువా కప్పుతాం."

ఉత్సాహంగా! కత్తెర ఫోను పెట్టేసి బస్టాపులో నిలబడి పళ్లు కొరికింది. ఏమీ రాయకపోయినా ఇంత మండేది కాదు. చెవి పోగొట్టి, చెవి పోయినందుకు జ్వరం పేరు చెప్పించి, ఇన్నేళ్లకి ఇప్పుడొచ్చి ఉత్సాహం అంటారా? రెండు బస్సులు ఆమె ముందే ఆగి వెళ్లిపోయాయి.

ఇంటికొచ్చి చాకు తీసింది. బాగా ఆరి బిగుసుకున్న విమానం అది, అతుకు ఎక్కడుందో కట్టినవాళ్లకే తెలియాలి. ఎడమ పక్క తొడుగుని పొడుగునా కోసేసింది. నల్ల బిళ్లని పట్టకారుతో పీకింది. లోపలి చక్రాలన్నిటికీ మధ్యలో రంధ్రాలు చేసి, ముక్కు నుంచి వెనక్కి గొట్టం దూర్చింది. గొట్టం లోపల పచ్చరంగు వేసింది. ఏ పచ్చో అత్తని అడిగి, మూడుసార్లు కలిపి, అత్త "ఆఁ, ఈ దరిద్రమే" అన్నాక వేసింది. గొట్టానికి కూడా ఎడమ పక్క కిటికీలా కోసింది. ఆ బొమ్మ కొలతకి పన్నెండేళ్ల పిల్ల నిలువెల్లా చూపుడు వేలంతే ఉంటుంది. రెండు రోజులు సాయంత్రాలు అదే పని. కాగితాన్ని పొరలు పొరలుగా చుట్టి చేతులు చేసింది, జడ చేసింది, వేలిగోరంత దిమ్మ చేసి చేతుల్లో పెట్టింది. పిల్ల ముఖం బయటికి, చూసేవాళ్ల వైపు తిప్పి పెట్టింది. చూస్తే కడుపు తరుక్కుపోవాలి, అదీ ఆమె పంతం.

అంతా అయ్యాక అత్తని పిలిచి చూపించింది. ఏదో మెచ్చుకుంటుందని, కళ్లు తుడుచుకుంటుందని అనుకుంది. అత్త కళ్లజోడు సర్దుకుని చూసి, ఒక్కసారిగా మొహం ఎర్రగా చేసుకుంది.

"ఎవరే ఇది?"

"నువ్వే అత్తా."

"నేనా? బుద్ధుందా నీకు? అందులోంచి బయటపడటానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మళ్లీ తీసుకెళ్లి అందులోనే పడుకోబెట్టావా?" గొంతు ఇల్లంతా మోగింది. గాలి సుత్తి పక్కన మాట్లాడటం అలవాటైన గొంతు. "తియ్యి ముందు. తీస్తావా లేదా?"

కత్తెర పట్టకారుతో పిల్లని బయటికి తీసి బల్ల మీద పెట్టింది. అత్త ఆ బొమ్మని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కోపం తగ్గలేదు కానీ దారి మారింది.

"నేను వచ్చేశాగా" అంది. "పెళ్లి కాకపోతే పోయింది, మీ అందర్నీ పెంచా, తిన్నా, తిరిగా, నీ చేత మాటలు కూడా పడ్డా. పొట్టిది రాలేదు. పెడితే దాన్ని పెట్టు. ఇంతకంటే సన్నంగా ఉండేది. జుట్టు కత్తిరించేశారు, జడ లేదు. ఇలా ముఖం ఇటు పెట్టి ఎవరు పోతారు? తల ముందు పోతుంది. మాకు కనబడేవి పాదాలు. రోజంతా దాని పాదాలే చూసేవాళ్లం."

కత్తెర మళ్లీ చేసింది. అత్త పక్కనే కూర్చుని, కాలు ఇంకొంచెం ముడవమని, మడమ ఇంకొంచెం సన్నబెట్టమని చెప్పింది. చెప్పులుండేవా అంటే లేవంది. చొక్కా గుండీలంత పాదాలు. వాటికి కత్తెర మసి రంగు వేసింది.

విమానం అందించే రోజు అత్త కూడా వస్తానని బయల్దేరింది. క్యూరేటరు పెట్టె మూత తీసి, పక్కనున్న కిటికీ చూసి, అందులోని పిల్లని చూసి, మూత మళ్లీ పెట్టేశాడు. పక్క గదిలో పనివాళ్లు మేకులు కొడుతున్నారు. రెండు రోజుల్లో ప్రారంభోత్సవం.

"ఇది కుదరదండీ. నేను మర్యాదగా చెబుతున్నాను. ఈ పక్క మూసేయండి."

"మూయను."

"అయితే తీసుకెళ్లిపోండి. ఆ చోట ఫొటో పెట్టుకుంటాం. కాగితం విమానాలు చేసేవాళ్లు మీరొక్కరే కాదు."

"తీసుకెళ్లిపోతా. మిగతావి కూడా ఇప్పించండి, అవీ తీసుకెళ్లిపోతా. మీ హాల్లో మీ ఉత్సాహం ఒక్కటీ పెట్టుకోండి, అద్దం బీరువాలో." పెట్టె చంకలో పెట్టుకుంది. ఆమె చెయ్యి మీద ఇంకో చెయ్యి పడింది. అత్తది.

"ఆయన పక్క మూసెయ్యమంటున్నాడు. మూసెయ్" అంది అత్త.

"అత్తా!"

"మూసేసి ఇస్తుంది బాబూ. నేను చెబుతున్నాగా." అత్త క్యూరేటరుకి దండం కూడా పెట్టింది. ఆయన మొహం విప్పారింది. పెద్దవాళ్లు పెద్దవాళ్లేనన్నాడు.

బస్సులో కత్తెర కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంత చేసింది ఎవరి కోసం? శాలువా కోసం మెత్తబడిందా ఈ ముసలావిడ? లోపల పెట్టుకుంటే కత్తెర ఎందుకవుతుంది, అనేసింది. "శాలువా కప్పుతామనగానే అన్నీ మర్చిపోయావా?" అంది, కుడి చెవి వైపే, సన్నగా వినబడేలా.

అత్తకి కోపం రాలేదు. "నువ్వు అట్టలు బాగా కోస్తావు కానీ జనం సంగతి తెలీదు నీకు" అంది. "పక్క తెరిచి పెట్టావనుకో, నిలబడి చూసి అయ్యో అనుకుని పోతారు. కిటికీలోంచి మమ్మల్నెవరు చూశారే? మాకు కిటికీ ఎక్కడుంది? ముందు రంధ్రం ఒక్కటే. పొట్టిదాన్ని చూడాలంటే అందులోంచే చూడాలి. పక్క మూసెయ్. ముందు బిళ్ల పెట్టకు. ఆయన పక్క గురించి అడిగాడు, ముక్కు గురించి ఏమన్నా అన్నాడా?"

కత్తెర తిరిగి అత్త వైపు చూసింది. అడిగితే ఇంకేం చెప్పేదో ఈవిడ, ఇన్నేళ్లూ ఒక్కరూ అడగలేదు.

ఆ సాయంత్రం కిటికీ మూసేసింది. తొడుగు అంచుకి అంచు కలిపి, అతుకు మీద రంగు పూసి, వేలితో తడిమినా తెలియనంత బాగా మూసింది. క్యూరేటరు మర్నాడు పక్కలు నిమిరి చూసుకుని, "ఇదీ పనితనం అంటే" అన్నాడు. విమానాన్ని మధ్య బల్ల మీద, ముక్కు వాకిలి వైపు ఉండేలా పెట్టించాడు. దాని పక్కన బోర్డు, బోర్డులో ఉత్సాహం.

ప్రారంభోత్సవానికి హాలు నిండింది. ముందు వరసలో అత్త, ఆమె భుజాల మీద శాలువా. ఆ వాక్యాన్ని క్యూరేటరు మైకులో చదువుతుంటే జనం చప్పట్లు కొట్టారు. కత్తెర గోడ దగ్గర నిలబడి గోళ్లు అరచేతిలో గుచ్చుకునేలా పిడికిళ్లు బిగించింది. ఎవరూ వంగి చూడకపోతే? చూసి కూడా తెలియకపోతే? మూసింది తన చేతులే కదా.

తరవాత ఒక రిటైర్డు పైలట్ విమానాల గురించి వివరించాడు. తెల్లటి మీసాలు, జేబులో చిన్న టార్చి, చెప్పడమంటే మహా ఇష్టం. జనాన్ని వెంటేసుకుని ఒక్కో విమానం దగ్గరా ఆగుతూ తూనీగ దగ్గరికొచ్చాడు.

"ఇది మాత్రం అందరికంటే అందగత్తె" అన్నాడు. "చూశారా, గాలి ఇక్కణ్ణుంచి లోపలికి పోతుంది. సాధారణంగా బొమ్మల్లో ఇది మూసేస్తారు. ఇక్కడ మూయలేదు, నిజంగానే గొట్టం కట్టారు. అద్భుతం! ఇదిగో లోపల..."

టార్చి వేసి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"లోపల కాళ్లున్నాయి" అన్నాడు.

హాల్లో ఎవరో నవ్వారు. జోకు అనుకున్నారు. పైలట్ నవ్వలేదు. "చిన్న పాదాలు. ఎవరివివి?"

"పొట్టిదానివి" అంది అత్త. కుర్చీలోంచి లేచి వచ్చింది. శాలువా జారిపోతే తీసుకోలేదు. "దాని అసలు పేరు నాకూ తెలీదు. పొట్టిది అనేవాళ్లం. ఈ గొట్టంలో దిమ్మ పట్టుకునేది. రంగు వాసనకి అక్కడే పోయింది."

క్యూరేటరు గబగబా వచ్చాడు. "అది కళాకారిణి ఊహ అండీ. మనం తరవాతి విమానం దగ్గరికి..."

"ఊహ కాదు నాయనా." మైకు అక్కర్లేని గొంతు అది. వాకిట్లో ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. "దాన్ని కాళ్లు పట్టి లాగారని మా మేనకోడలికి చెప్పా. లాగిందెవరో చెప్పలేదు. మమ్మల్నే లాగమన్నారు. ఒక కాలు ఇంకో పిల్ల, ఒక కాలు నేను. వెచ్చగానే ఉంది. నిద్రపోయిందనుకుని గట్టిగా లాగా, లేస్తుందని. లేవలేదు. అది పక్కన పడుకునుండగానే నన్ను లోపలికి పొమ్మన్నారు."

కత్తెర గోడని ఆనుకుంది. ఈ మాట ఆమెకీ కొత్తే. బల్ల ముందు తన పక్కన కూర్చుని మడమలు సన్నబెట్టించిన అత్తే ఒకప్పుడు ఆ కాలు పట్టి లాగింది.

అత్త క్యూరేటరు వైపు తిరిగింది. బోర్డు మీద వేలు పెట్టింది. "ఉత్సాహంగా అని రాశావు. ఎక్కడుందో ఉత్సాహం, వంగి చూసి చెప్పు."

క్యూరేటరు ఎవరైనా ఏదైనా అంటారేమోనని చుట్టూ చూశాడు. పైలట్ టార్చి ఆర్పకుండా, తను పక్కకి జరిగి, ముక్కులోకి వెలుగు పడేలా పట్టుకుని నిలబడ్డాడు. ముందున్న ఆవిడ భుజాన సంచీ తీసి కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి వంగింది. లేచి పక్కకి తప్పుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వెనకాయన వంగాడు. ఆయన వెనక వరస కట్టారు. నడుం నొప్పివాళ్లు బల్ల పట్టుకుని వంగారు. అత్తకి శాలువా కప్పిన పెద్దమనిషి కూడా వంగాడు. క్యూరేటరు బోర్డు పక్కన నిటారుగా నిలబడే ఉన్నాడు. వరస తన ముందు నుంచే పోతుంటే, దారికి అడ్డమవుతున్నానని ఎవరో అన్నాక పక్కకి జరిగాడు.